జుట్టు పరీక్షలో సీసం వచ్చిందట, డీటాక్స్ చేయించుకోవాలా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారమండీ. మాది అమలాపురం దగ్గర కాలువ గట్టు మీద ఊరు. నాకు 34 ఏళ్ళు, ఏడేళ్ళ పాప ఉంది. ఏడాదిగా ఒకటే నీరసం, మేడ మెట్లెక్కితే ఆయాసం, తల దువ్వితే జుట్టు కుచ్చులుగా ఊడొస్తోంది. నెలసరి వారం దాకా ఉంటుంది, ఎక్కువగానే పోతుంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ పచ్చి బియ్యం నమలకుండా ఉండలేకపోతున్నాను. రాజమండ్రిలో ఒక వెల్‌నెస్ సెంటర్ వాళ్ళు నా జుట్టు పరీక్షకి పంపించి సీసం, ఆర్సెనిక్ ఎక్కువున్నాయి, జింక్, సెలీనియం తక్కువున్నాయి అన్నారు. సెలైన్లు ఎక్కించి ఒంట్లో లోహాలన్నీ కడిగేసే ప్యాకేజీ 28 వేలట. కోవిడ్ అప్పుడు అలవాటైన 50 మిల్లీగ్రాముల జింక్ మాత్ర ఇప్పటికీ రోజూ వేసుకుంటున్నాను. మా ఆయన రొయ్యల చెరువు మీద పనిచేస్తారు, ఖాళీ ఉన్నప్పుడు పెరట్లో పాత బ్యాటరీల సీసం కరిగించి వలలకి బరువు కోసం కట్టే గుళ్ళు పోస్తారు. మామగారు షుగరుకి ఎవరో ఇచ్చే భస్మం వాడతారు. అత్తగారు చేపలు మానెయ్యమంటున్నారు, ఆడపడుచేమో రాగి బిందె నీళ్ళు తాగమని, పింక్ సాల్ట్ వాడమని చెబుతోంది. ఏలూరులో అప్పట్లో జరిగింది తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ 28 వేలు కట్టకండి. అడ్వాన్సు ఇచ్చేసి ఉంటే వెనక్కి అడగండి, ఇవ్వకపోయినా సరే ఆ సెలైన్లు మాత్రం ఎక్కించుకోకండి. ఎందుకో చెబుతాను. కానీ దానికంటే ముందు మాట్లాడాల్సిన సంగతులు మీ ఉత్తరంలోనే రెండున్నాయి, మీరు వాటిని చెరొక వాక్యంలో చెప్పి దాటేశారు. ఒకటి పెరట్లో కరిగించే సీసం. రెండోది మీరు నమిలే పచ్చి బియ్యం.

పెరటి సంగతి ఈ రోజే తేలాలి. సీసం 327 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, దానికి కొలిమి అక్కర్లేదు, కొబ్బరి డొక్కల మంట చాలు, అందుకే ఇంటి దగ్గర చేసుకోవడం తేలిక అనిపిస్తుంది. పాత బ్యాటరీ పగలగొట్టి పలకలు తీసినప్పుడు వాటి మీదున్న సీసపు ఆక్సైడు పొడి చేతులకీ, నేలకీ అంటుతుంది. కరిగిన సీసం మీద బూడిదరంగు తెట్టు తేలుతుంది, దాన్ని గరిటెతో తీసి పక్కన విదిలిస్తారు. ఆ తెట్టు ఎండి పొడై పెరట్లోనే ఉంటుంది. కోళ్ళు అక్కడే గింజలు ఏరుకుంటాయి, పాప అక్కడే ఆడుకుంటుంది, ఆ పొయ్యిలో బూడిదతోనే అంట్లు తోమే ఇళ్ళు కూడా నేను చూశాను. మీ ఆయన అదే లుంగీతో, అదే చొక్కాతో ఇంట్లోకి వచ్చి పాపని ఎత్తుకుంటారు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు, గుళ్ళు పోసుకోవడం వల పనిలో తరతరాలుగా ఉన్నదే, కానీ బ్యాటరీ తుక్కుతో, పిల్లలున్న ఇంట్లో చేయకూడని పని అది.

పాప గురించే ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నోట్లోకి వెళ్ళిన సీసంలో పెద్దవాళ్ళ ఒంటికి పట్టేదానికి నాలుగైదు రెట్లు పిల్లల ఒంటికి పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అది పెరిగే మెదడు మీద పనిచేస్తుంది. చదువు మీద ధ్యాస నిలవకపోవడం, చిరాకు, తెలివితేటలు కాస్త తగ్గడం లాంటివి వస్తాయి, వీటిలో ఏదీ జ్వరంలా బయటికి కనబడదు, పిల్ల అల్లరి అనో మొద్దు అనో అనుకుని ఊరుకుంటాం. ఇంతవరకూ పర్వాలేదు అని చెప్పగల సీసం మోతాదంటూ ఏదీ లేదు. 2020లో యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి ఇచ్చిన నివేదిక, ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో డెసిలీటరుకి 5 మైక్రోగ్రాములు లేక అంతకు మించి సీసం ఉండొచ్చని అంచనా వేసింది, దానికి ముఖ్య కారణాల్లో ఒకటిగా చూపించింది సరిగ్గా ఇలా పాత బ్యాటరీలు కరిగించడాన్నే.

కాబట్టి గుళ్ళు కావాలంటే వలల కొట్లో తయారుగా ఉన్నవి కొనుక్కోమనండి. పెరట్లో ఆ చోటుని చీపురుతో ఊడ్చకండి, పొడి గాల్లోకి లేస్తుంది. నీళ్ళు చల్లి తడిపి, పైపొర మట్టి పారతో ఎత్తి గట్టి ప్లాస్టిక్ సంచుల్లో మూట కట్టి, పాపకి అందని చోట పెట్టి, ఎక్కడ పడెయ్యాలో పంచాయతీ వాళ్ళని అడగండి. కాలువలో మాత్రం పొరపాటున కూడా కలపకండి, కింద ఊళ్ళ మంచినీళ్ళ చెరువులు నిండేది ఆ కాలువ నీళ్ళతోనే. ఎత్తిన చోట కొత్త మట్టి పోసి కప్పండి, వీలైతే సిమెంటు చేయించండి. ఈ పని చేసేటప్పుడు పాపని అమ్మమ్మగారింట్లో ఉంచండి. ఆ పనికి వాడిన బట్టలు విడిగా ఉతకండి. ఆ పెరట్లో తిరిగిన కోళ్ళ గుడ్లు ప్రస్తుతానికి పాపకి పెట్టొద్దు, వాటిలోకీ సీసం వస్తుంది. ఇంట్లోకి వస్తే తడిగుడ్డతో తుడవడం, అన్నం ముందు పాప చేతులు సబ్బుతో కడగడం, గోళ్ళు కత్తిరించి ఉంచడం, ఇవి చిన్నగా కనిపిస్తాయి గానీ బాగా పనిచేస్తాయి.

పాపకీ, మీ ఆయనకీ, మీకూ నరం నుంచి తీసిన రక్తంలో సీసం పరీక్ష చేయించండి. మామూలు ల్యాబులో ఇది చేయరు, పెద్ద ల్యాబులు నమూనా తీసుకుని పై ఊరికి పంపిస్తాయి, నాలుగైదు రోజులు పట్టొచ్చు. వేలు పొడిచి తీసిన చుక్కతో వద్దు, చేతి మీదున్న సీసపు దుమ్ము ఆ చుక్కలో కలిసి అంకె తప్పుగా ఎక్కువ వస్తుంది. పాప అంకె డెసిలీటరుకి 5 మైక్రోగ్రాములు గానీ అంతకు మించి గానీ ఉంటే ఎక్కడినుంచి వస్తోందో వెతికి ఆపాలి, తిండి సరిచేయాలి, కొన్ని వారాలకి మళ్ళీ చూడాలి. అమెరికాలో 2021 నుంచి 3.5 కే జాగ్రత్త పడమంటున్నారు. పిల్లల్లో 45 గానీ దాటితే ఆసుపత్రిలో చేర్చి సీసాన్ని బయటికి తెచ్చే మందులిస్తారు. ఆ మందులకి అసలు చోటు అక్కడే, అదీ పిల్ల ఇంకా సీసం ఉన్న ఇంట్లోనే ఉంటే ఇవ్వకూడదు, మళ్ళీ ఎక్కుతుంది.

ఇప్పుడు మీ జుట్టు రిపోర్టు సంగతి. జుట్టు లోపలి నుంచి పెరిగేదే అయినా బయటి నుంచి అన్నీ అంటించుకుంటుంది. బోరు నీళ్ళలో ఇనుము, తలకి వేసే రంగు, చుండ్రు షాంపూలో జింక్, కొన్నిట్లో సెలీనియం, మీ పెరట్లో పొగ, అన్నీ కలిసి వచ్చిన అంకె అది. అందులో మీ ఒంట్లోది ఎంతో, జుట్టు మీద పడింది ఎంతో ఎవరూ విడదీసి చెప్పలేరు. 2001లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ఒక పరిశోధన వచ్చింది, ఒకే మనిషి జుట్టుని ఆరు ల్యాబులకి పంచి పంపితే అంకెలు ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చాయి, వాటిని బట్టి ఇచ్చిన తిండి సలహాలు కూడా ఒకదాన్నొకటి కాదన్నాయి. జపాన్‌లోని మినమాటా లాంటి పాదరసం విషాదాలని పరిశోధించేటప్పుడు జుట్టు పనికొచ్చింది, నిజమే. మీ చేతిలో ఉన్న రంగురంగుల పట్టిక ఆ కోవలోది కాదు. మీ ఇంట్లో సీసం ఉండే అవకాశం నిజంగానే ఉంది, కానీ అది నాకు తెలిసింది మీరు రాసిన ఒక్క వాక్యం వల్ల, ఆ రిపోర్టు వల్ల కాదు.

ఆ సెలైన్లో ఏం కలుపుతారో మీరు రాయలేదు. ఇలాంటి చోట్ల ఎక్కువగా వాడేది ఈడీటీఏ అనే మందు. అది సీసాన్నే వెతికి పట్టుకోదు, దారిలో దొరికిన జింకునీ, ఇంకొన్ని ఖనిజాలనీ కూడా కట్టి మూత్రంలో పంపేస్తుంది. మీకు జింక్ తక్కువ అని చెప్పి, ఉన్న జింకుని కూడా లాగే మందు అమ్ముతున్నారన్న మాట. దీంట్లోనే రెండు రకాలున్నాయి, పేర్లు దగ్గరగా ఉంటాయి, ఒకటి రక్తంలో కాల్షియాన్ని ఒక్కసారిగా పడగొట్టి గుండె ఆపేయగలదు. 2003 నుంచి 2005 మధ్య అమెరికాలో అలా ముగ్గురు చనిపోయారు, వాళ్ళలో ఒకడు అయిదేళ్ళ పిల్లవాడు. అందుకే అంత గట్టిగా వద్దంటున్నాను.

ఇక పచ్చి బియ్యం. సిగ్గుపడాల్సిన పని లేదమ్మా. బియ్యం, బలపాలు, మట్టి, ఐసు ముక్కలు నమలాలనిపించడం ఇనుము లోపానికి బాగా తెలిసిన గుర్తు, నా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళలో అడిగితే గానీ చెప్పనివాళ్ళు ఎంతమందో. నెలసరి వారం రోజులు, ఆయాసం, జుట్టు ఊడడం, వీటిని పక్కన పెట్టుకుని చూస్తే మీకు రక్తహీనత ఉండే అవకాశం చాలా ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది, కాబట్టి ఇది మీ ఒక్కరి కథ కాదు. సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్, బీ12, థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, ఈ నాలుగూ చేయించండి. హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి 11.5 ఉంది పర్లేదు అని పంపించేస్తే ఒప్పుకోకండి, ఫెరిటిన్ అంటే నిలవ ఇనుము, హిమోగ్లోబిన్ కంటే ముందే అడుగంటేది అదే.

మీ రెండు వాక్యాలూ ఒకదానికొకటి ముడిపడేది ఇక్కడే, నేను ఈ జవాబు ఇంత పొడుగ్గా రాయడానికి కారణం కూడా అదే. చిన్నపేగు గోడలో ఇనుముని లోపలికి తీసుకునే ప్రోటీన్ ఒకటుంది. ఒంట్లో ఇనుము తగ్గితే పేగు ఆ ప్రోటీన్‌ని ఎక్కువగా తయారుచేస్తుంది, దొరికిన ఇనుముని వదలకూడదని. కానీ దానికి ఇనుముకీ కాడ్మియానికీ, సీసానికీ తేడా సరిగ్గా తెలియదు, ఇనుము దొరక్కపోతే వాటినీ లోపలికి తీసుకుంటుంది. కాల్షియం తక్కువ తినేవాళ్ళలోనూ ఇలాగే సీసం ఎక్కువ పడుతుంది. అంటే ఒకే పెరట్లో ఒకే దుమ్ములో ఉన్న ఇద్దరిలో, రక్తం తక్కువున్న మనిషికి ఎక్కువ విషం ఎక్కుతుంది. పైగా లోపలికి వెళ్ళిన సీసం రక్తం తయారయ్యే చోట, ఇనుముని హిమోగ్లోబిన్‌లో భాగమైన హీములో అమర్చే ఎంజైముని దెబ్బకొట్టి రక్తహీనతని ఇంకా పెంచుతుంది. ఇది తెలిసిన ఎవరైనా మీకు ముందు చెప్పేది సీసం వచ్చే దారి మూసి ఇనుము లోటు పూడ్చమనే. ఇందుకే పాపకి కూడా సీసంతో పాటు ఫెరిటిన్ చూపించండి.

లోటు పూడ్చడానికి మాత్రలు తప్పవు, తిండి ఒక్కదానితో కాదు. 2020 ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లెక్కల ప్రకారం మీ వయసు ఆడవాళ్ళకి రోజుకి 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, మగవాళ్ళకి 19 చాలు. మూడు పూటలా వరన్నం తినే ఇంట్లో మామూలు కూరలతో ఆ 29 చేరడం కష్టం. మాత్ర మీ డాక్టరు రాసిచ్చాక రోజు విడిచి రోజు వేసుకోవచ్చా అని అడగండి, రోజూ వేసుకున్నప్పటికంటే అలా వేసుకున్నప్పుడు ఒక్కో మాత్ర నుంచి ఎక్కువ ఇనుము పడుతుందని ఈ మధ్య పరిశోధనల్లో తేలింది, కడుపులో తిప్పడం కూడా తగ్గుతుంది. నిమ్మరసంతోనో ఉసిరితోనో వేసుకోండి. విరేచనం నల్లగా వస్తుంది, భయపడకండి. హిమోగ్లోబిన్ పెరిగిందని నెలకే ఆపెయ్యొద్దు, నిలవలు నిండడానికి ఇంకో మూడు నెలలైనా పడుతుంది.

తిండి విషయంలో మీకు బాగా తెలిసిన సంగతితో చెబుతాను. వరిలో ఆకుల మీద తుప్పు రంగు మచ్చలొస్తే జింక్ లోపం అని జింక్ సల్ఫేట్ వేస్తారు గదా, దాన్ని భాస్వరం ఉండే డీఏపీ ఎరువుతో కలిపి చల్లొద్దని అధికార్లు చెబుతారు, భాస్వరం జింకుని పట్టేసి మొక్కకి అందనివ్వదు. మన కడుపులోనూ అదే జరుగుతుంది. గింజల్లో, పప్పుల్లో మొక్క దాచుకున్న భాస్వరం ఫైటేట్ అనే రూపంలో ఉండి, తిన్న ఇనుమునీ జింకునీ పట్టేసి బయటికి తీసుకుపోతుంది. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం వల్ల ఈ ఫైటేట్ విరుగుతుంది. ఇడ్లీ పిండి, మొలకెత్తిన పెసలు, మన పెద్దవాళ్ళ తరవాణి, చద్దన్నం, వీటి గొప్పతనం ఇక్కడుంది. చద్దన్నంలో రాత్రికి రాత్రే ఇనుము ఇరవై రెట్లవుతుందని ఫోన్లలో తిరుగుతుంటుంది, అది జరగదు, ఇనుము మూలకం, ఏ సూక్ష్మజీవీ దాన్ని పుట్టించలేదు. ఉన్న ఇనుము ఒంటికి బాగా పట్టేలా మాత్రం చేస్తుంది, అదే చాలు.

భోజనం అయిన వెంటనే టీ అలవాటుంటే గంటన్నర, రెండు గంటలు వెనక్కి జరపండి. కాల్షియం మాత్ర ఇనుముతో కలిపి వేసుకోకండి. పుల్ల కూరలు ఇనుప మూకుడులో వండండి, చింతపండు పులుపుకి మూకుడులో ఇనుము కొంత కూరలోకి దిగుతుంది. తినే అలవాటుంటే మేక లివరు, నల్ల (గడ్డకట్టిన మేక రక్తం) వారానికి ఒకటి రెండు సార్లు తింటే తోటకూర కట్టల కంటే ఎక్కువ పనిచేస్తుంది, మాంసంలో ఇనుముకి ఫైటేట్ అడ్డం పడదు. గర్భం వస్తే మాత్రం లివరు తగ్గించాలి, అందులో విటమిన్ ఏ ఎక్కువ. రేషన్ బియ్యంలో తెల్లగా వేరుగా కనిపించే గింజల్ని ప్లాస్టిక్ బియ్యమని మన వైపు చాలామంది ఏరి పారేస్తారు. వాటిని బియ్యప్పిండితోనే చేసి ఇనుము, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపారు, వంద గింజలకి ఒకటి చొప్పున. అవి పారేస్తే మీకు కావాల్సిందే పారేసినట్టు. ఇంట్లో ఎవరికైనా తలసీమియా, సికిల్ సెల్ ఉంటే మాత్రం డాక్టరుని అడిగి వాడాలి.

జింక్ మాత్ర ఈ రోజుతో ఆపెయ్యండి. జింక్ ఎంత అవసరమో ప్రపంచానికి మొదట చూపించింది మన దేశంలో పుట్టిన డాక్టరే, ఆనంద ప్రసాద్, 1961లో ఇరాన్‌లో. ఇరవై ఏళ్ళు దాటినా పిల్లల్లా ఎదగకుండా ఉన్న కుర్రవాళ్ళని ఆయన చూశారు, వాళ్ళు ఎక్కువగా రొట్టెలే తినేవాళ్ళు, మట్టి కూడా తినేవాళ్ళు. కానీ మీకు రోజుకి కావాల్సింది 13 మిల్లీగ్రాములు, 40 దాటకూడదు, మీరు వేసుకుంటున్నది 50. ఏళ్ళ తరబడి అలా వేసుకుంటే పేగు గోడలో రాగి చిక్కుపడిపోయి లోపలికి అందదు. రాగి లోపిస్తే రక్తహీనత వస్తుంది, తెల్లకణాలు పడిపోతాయి, కాళ్ళు తిమ్మిర్లెక్కి నడక తూలుతుంది. పైగా ఇనుముకీ అడ్డం పడుతుంది. మీ నీరసంలో దీని వాటా కూడా ఉండొచ్చు, కాళ్ళలో తిమ్మిర్లు ఉంటే డాక్టరుకి తప్పకుండా చెప్పండి, రక్తంలో కాపర్ పరీక్ష రాయించుకోండి. సెలీనియం కూడా సొంతంగా కొనకండి, అది ఎక్కువైతే వచ్చే ముఖ్య లక్షణాల్లో ఒకటి జుట్టు ఊడడమే.

మామగారి భస్మం పొట్లం పారెయ్యకుండా ఆయన్ని, ఆ పొట్లాన్ని కలిపి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. నాగభస్మం సీసంతో చేస్తారు, షుగరుకి దాన్ని ఇవ్వడం పాత అలవాటు. 2004లో వచ్చిన ఒక పరిశోధనలో, అమెరికాలోని బోస్టన్ చుట్టుపక్కల కొట్లలో కొన్న 70 ఆయుర్వేద మందులు పరీక్షిస్తే 14 ట్లో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో కనబడింది. మంచి పేరున్న వైద్యులంతా ఇలాగే చేస్తారని నేననను, కానీ లేబుల్ లేని పొట్లంలో ఏముందో చెప్పగలిగేవాళ్ళెవరూ లేరు. ఆయనకి తెరలు తెరలుగా కడుపునొప్పి, గట్టి మలబద్ధకం, అరికాళ్ళ మంటలు ఉంటే అవన్నీ షుగరుకే కట్టెయ్యకండి, సీసం పరీక్ష ఆయనకీ చేయించండి. భస్మం మానేశాక షుగరు గాలికి వదిలేయకూడదు, మాత్రలు మొదలుపెట్టాలి. చుట్ట కాల్చే అలవాటుంటే అదొకటి, పొగాకు ఆకు మట్టిలో కాడ్మియాన్ని బాగా లాగేసుకుంటుంది, అది కిడ్నీల్లో చేరి పదేళ్ళకి పైగా ఉండిపోతుంది.

అత్తగారికి చెప్పండి, చేపలు మానాల్సిన అవసరం లేదు, మీలాంటివాళ్ళు ఇంకా తినాలి. పాదరసం పెద్ద చేపల్లో పోగవుతుంది, చిన్న చేపల్ని తినే చేపల్ని తినే చేపల్లో. నెత్తళ్ళు, కవళ్ళు, కానగంతలు, చెరువుల్లో పెంచే శీలావతి, బొచ్చె, వీటితో భయం లేదు, ఇనుము, జింక్, సెలీనియం, అయోడిన్ అన్నీ దొరుకుతాయి, ముల్లుతో సహా నమిలే చిన్న చేపల్లో కాల్షియం కూడా. సీజన్లో పులస కొనగలిగితే నిశ్చింతగా తినండి. జాగ్రత్త పడాల్సింది సొర చేప విషయంలో. పాలు పడతాయని బాలింతలకి సొర పిడుపు పెట్టడం మన తీరంలో ఉన్న ఆచారమే, చిన్న సొరలతో అరుదుగా అయితే ఫర్వాలేదు, పెద్ద సొర ముక్కలు మాత్రం గర్భిణులకి, బాలింతలకి వద్దు. ఇంకొక మాట, ఎప్పుడైనా మూత్రంలో ఆర్సెనిక్ పరీక్ష రాస్తే నాలుగు రోజుల ముందు నుంచి సముద్రపు చేపలు, రొయ్యలు ఆపండి. వాటిలో ఉండే రకం ఆర్సెనిక్ హాని లేనిదే, కానీ లెక్కలో కలిసి గాభరా పుట్టిస్తుంది.

వరికి ఆర్సెనిక్‌తో సంబంధం ఉన్న మాట నిజం, నిలవ నీళ్ళలో పెరిగే పంట కాబట్టి మిగతా గింజల కంటే ఎక్కువ తీసుకుంటుంది. బెంగాల్లో, బంగ్లాదేశ్‌లో గొట్టపు బావుల నీళ్ళే ఆర్సెనిక్‌తో ఉండి, అవే తాగి, వాటితోనే పండించి జనం దెబ్బతిన్నారు. మన చేలకి వచ్చేది ధవళేశ్వరం నుంచి కాలువల్లో దిగే గోదావరి నీళ్ళు. అయినా మనసు ఒప్పకపోతే బియ్యం బాగా కడిగి, ఎక్కువ ఎసరు పెట్టి గంజి వార్చండి, ఆర్సెనిక్ సగం దాకా పోతుంది, బీ విటమిన్లూ కొన్ని పోతాయి. తాగేది బోరు నీళ్ళయితే మాత్రం గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో ఒకసారి పరీక్ష చేయించండి, ఆర్సెనిక్ లీటరుకి 0.01 మిల్లీగ్రాము దాటకూడదు.

రాగి బిందెలో రాత్రి పోసిన మంచినీళ్ళు పొద్దున్న తాగితే నష్టం లేదు, గొప్ప లాభమూ లేదు. మజ్జిగ, నిమ్మరసం, చారు మాత్రం కళాయి లేని రాగి, ఇత్తడి గిన్నెల్లో పెట్టొద్దు, పసిపిల్లల పాలు అసలే కాచొద్దు. 1980ల్లో పుణె డాక్టర్లు పసిపిల్లల్ని పొట్టనబెట్టుకుంటున్న ఒక లివరు జబ్బుకి మూలం ఇత్తడి గిన్నెల్లో కాచిన పాలలోకి దిగిన రాగి అని తేల్చారు, గిన్నెలు మారాక ఆ జబ్బే దాదాపు కనుమరుగైంది. కళాయి వేయిస్తే అసలు తగరంతోనే వేయించండి, చవకకి సీసం కలిపేవాళ్ళుంటారు. తుక్కు కరిగించి పోసిన బరువైన అల్యూమినియం గిన్నెల్లోనూ సీసం దొరికింది, పులుసులకి స్టీలు వాడుకోండి. పింక్ సాల్ట్, కల్లుప్పు, రెండిట్లోనూ అయోడిన్ లేనట్టే, సముద్రం పక్కన ఉన్నంత మాత్రాన మనకి అయోడిన్ రాదు. మామూలు అయోడైజ్డ్ ఉప్పు మూత గట్టిగా పెట్టి వాడండి, పాపకీ, ఇంకో బిడ్డ కావాలనుకుంటే మీకూ అది ముఖ్యం.

ఏలూరు గురించి. 2020 డిసెంబరులో అక్కడ ఆరు వందల మందికి పైగా ఒక్కసారిగా మూర్ఛలతో ఆసుపత్రికి చేరారు, ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్నారు, తర్వాత నిపుణుల అనుమానం పురుగుమందుల అవశేషాల మీదికి మళ్ళింది. మీ ఇంటి సంగతి అలా ఒక్క పూటలో మీద పడేది కాదు, నెమ్మదిగా ఎక్కేది, అందుకే ఆపడానికి మీకు వ్యవధి ఉంది. అయితే పాపకి వాంతులు, మగత, ఫిట్స్ లాంటివి ఏవైనా వస్తే ఈ జవాబు చూస్తూ కూర్చోకుండా వెంటనే కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళి, ఇంట్లో బ్యాటరీ సీసం కరిగిస్తారని మొదటి మాటగా చెప్పండి. అడిగితే గానీ తెలియని సంగతి అది, చాలామంది డాక్టర్లకి అడగాలని తోచదు.

నెలసరి గురించి గైనకాలజిస్టుకి కూడా చూపించుకోండి, గడ్డలేమైనా ఉన్నాయేమో స్కానింగు చేస్తారు. రక్తం అలా పోతూనే ఉంటే ఎన్ని మాత్రలు వేసినా నిలవ నిండదు. ఆ 28 వేలలో నాలుగో వంతు కూడా అవ్వకపోవచ్చు ఈ పరీక్షలన్నిటికీ. ఒకేసారి అన్నీ కుదరకపోతే పాప సీసం పరీక్ష ఈ వారంలో చేయించండి, మీది, మీ ఆయనది వచ్చే వారం. రిపోర్టులు వచ్చాక అంకెల పక్కన యూనిట్లు కూడా చూసి రాయండి, మైక్రోగ్రాములు డెసిలీటరుకా లీటరుకా అన్నది తేడా పడితే పది రెట్లు మారిపోతుంది.